కొండెక్కే జీపుకి కోటలో బ్యాటరీ

విశాఖ నుంచి అరకు వెళ్లే చాలామందికి శృంగవరపుకోట అంటే ఒక టీ బ్రేకు. బండి ఆపుతారు, టీ తాగుతారు, ఒక సెల్ఫీ దిగుతారు, మళ్లీ ఎక్కేస్తారు. బోర్డుల మీద శృంగవరపుకోట, బస్సుల మీద ఎస్.కోట, మా నోళ్లలో మాత్రం ఉత్త 'కోట'. విశాఖ నుంచి దాదాపు 50 కిలోమీటర్లు.

కొండమీద బండి తిప్పేవాళ్లకి ఇదే ఊరు వేరేలా కనిపిస్తుంది. మైదానంలో ఇదే చివరి పెద్ద బజారు. బొడ్డవర దాటాక కొండలు దగ్గరికొచ్చేస్తాయి. ఆ తర్వాత ఘాట్ రోడ్డు, టైడా, డముకు, అనంతగిరి. చుట్టూ అడవి, కాఫీ తోటలు, లోయలు. పైన పంక్చర్ వేసేవాడు దొరుకుతాడేమో గానీ, మీ జీపు ట్రేలో సరిగ్గా కూర్చునే కొత్త బ్యాటరీ దొరకడం కష్టం. అందుకే బండికి ఏం కావాలన్నా కోటలోనే చూసుకుని ఎక్కాలి. టైరు, బెల్టు, బ్రేకు, బ్యాటరీ... ఏదైనా సరే.

ఈ మధ్య ఒక శనివారం మా బావ జీపుకి బ్యాటరీ కొనడానికి కోట బజారంతా తిరిగాను. సగం రోజు పట్టింది. కొన్న వస్తువు ఒక్కటే అయినా, తెలుసుకున్నవి చాలా. మీ దగ్గర థార్ ఉన్నా, బొలెరో ఉన్నా, తాతగారు వదిలేసిన పాత జీపు ఉన్నా ఇవి పనికొస్తాయి.

జీపుల ఊరు

ముందు ఇక్కడ జీపులతో ఏం పనో చెప్పాలి. మీరు బొర్రా గుహలకి వెళ్లి ఉంటే, అక్కణ్ణుంచి కటికి జలపాతానికి తీసుకెళ్లే జీపుల్ని చూసే ఉంటారు. ఆ దారిలో మామూలు కారు వెళ్లదు. రాళ్లు, గోతులు, ఎక్కుడు, దిగుడు. అందులో కూర్చుంటే నడుం ఎక్కడుందో, మెడ ఎక్కడుందో తెలిసిపోతుంది. టూరిస్టులకి అదో సరదా, డ్రైవర్లకి అదే కూడు.

టూరిస్టుల కంటికి కనపడని జీపులు ఇంకొన్ని ఉన్నాయి. సంతకి సరుకు దింపేవి, పనస పళ్లు మోసేవి, కొండవాలు ఊళ్ల నుంచి మనుషుల్ని కోట ఆసుపత్రికి తెచ్చేవి. అనంతగిరి మండలంలో రోడ్డు లేని గిరిజన గూడేల నుంచి గర్భిణుల్ని డోలీలో మోసుకొచ్చిన వార్తలు మీరు పేపర్లో చదివే ఉంటారు. డోలీ రోడ్డు దాకా వస్తుంది. రోడ్డు మీద బండి ఉండాలి. ఉండటమే కాదు, తాళం తిప్పగానే స్టార్టవ్వాలి.

మా బావది ఆ రెండో రకం జీపు. పాత డీజిల్ మహీంద్రా, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. పగలు సరుకు, ఎప్పుడైనా టూరిస్టులు, రాత్రిళ్లు ఫోనొస్తే మనుషులు.

"రాత్రి రెండింటికి ఫోనొస్తాది. ఎల్లనని ఎలగంటాం? అప్పుడు సెల్ఫ్ కొడితే టిక్కుమని ఊరుకుందనుకో, ఇంక నా మొకం ఏటి పెట్టుకుని సూపించను?" అన్నాడు బావ.

ఆ 'టిక్కు' వారం రోజులుగా వినిపిస్తోంది. అందుకే ఈ తిరుగుడు.

పోయింది బ్యాటరీయేనా?

మొదట బస్టాండు వైపు ఉన్న ఒక బ్యాటరీ షాపుకి వెళ్లాం. ఆయన బానెట్ కూడా ఎత్తలేదు. "పోయిందండి, మార్చెయ్యాల్సిందే. వంద ఏహెచ్‌ది వేయించుకోండి, ఏళ్ల తరబడి చూసుకోనక్కర్లేదు" అని కొత్తది తీసి కౌంటర్ మీద పెట్టేశాడు. బావ నా వైపు చూశాడు. నేను మీటర్ పెట్టి చూడమన్నాను. మీటర్ ఎవరో పట్టుకెళ్లారట. సరే, మళ్లీ వస్తామని బయటపడ్డాం.

రెండో చోటు ఒక ముసలి ఎలక్ట్రీషియన్ షెడ్డు. రేకుల కప్పు, గోడకి వైర్ల కట్టలు, మూల ఒక చార్జర్. ఆయన మమ్మల్ని చూసి అడిగిన మొదటి మాట ఇది: "ఏటి బాబూ, బ్యాటరీ పోనాదా, పోనాదని మీరే అనీసుకున్నారా?"

ఆ ప్రశ్నలోనే సగం పాఠం ఉంది. సెల్ఫ్ తీసుకోకపోతే బ్యాటరీయే పోయిందని అనుకోనక్కర్లేదు. టెర్మినల్ దగ్గర తుప్పు పట్టినా, ఇంజిన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఎర్త్ వైరు వదులైనా, సెల్ఫ్ మోటార్‌లో బ్రష్‌లు అరిగినా ఇదే లక్షణం. ఆల్టర్నేటర్ (మన మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అంటారు) సరిగా చార్జ్ చేయకపోతే కొత్త బ్యాటరీ వేసినా వారంలో మళ్లీ అదే కథ.

ఆయన నాలుగు పరీక్షలు చేశాడు. ఇవి మీరూ చేసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకి దొరికే మల్టీమీటర్ చాలు. ఒక్క నాలుగోదానికే వేరే పరికరం కావాలి.

మొదటిది: బండి రాత్రంతా ఆగి ఉన్నాక, ఏమీ ఆన్ చేయకుండా, బ్యాటరీ వోల్టేజి చూడాలి. పూర్తిగా చార్జ్ అయిన 12 వోల్టుల బ్యాటరీ నిజానికి 12.6 దగ్గర చూపిస్తుంది. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతు మిగిలినట్టు. 'పన్నెండు ఉంది కదా, బాగానే ఉంది' అనుకుంటే పప్పులో కాలేసినట్టే. మా బావది 12.3 చూపించింది.

రెండోది: సెల్ఫ్ కొడుతున్నప్పుడు వోల్టేజి ఎంత పడిపోతోందో చూడాలి. 9.6 కంటే కిందికి జారిపోతే అనుమానించాలి. మాది 8.4కి పడిపోయింది.

మూడోది: తోసి స్టార్ట్ చేశాక, ఇంజిన్ నడుస్తుండగా చూడాలి. 13.8కీ 14.5కీ మధ్య ఉంటే చార్జింగ్ బాగున్నట్టు. మాది 14.2. అంటే డైనమో నిర్దోషి.

నాలుగోది పాత పద్ధతి. బ్యాటరీ మూతలు విప్పి హైడ్రోమీటర్‌తో ఒక్కో గదిలో యాసిడ్ సాంద్రత చూశాడు. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కోటీ రెండు వోల్టుల పైచిలుకు ఇస్తుంది. ఐదు గదులు ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. ఆరోది బాగా తక్కువ. అదే చచ్చింది. గొలుసులో ఒక్క లింకు తెగితే గొలుసు తెగినట్టే కదా.

చంపింది ఎవరు?

ఇక్కడ ఆయన ఒక పంచాయితీ పెట్టాడు. "సలికి పోనాదనుకుంటున్నారు కదా?"

అవునన్నాం. డిసెంబరు, జనవరిల్లో పైన అనంతగిరిలో, అరకులో ఒళ్లు గడ్డకట్టే చలి. పొద్దున్నే స్టార్ట్ కాకపోతే అందరం చలినే తిడతాం.

"సలి సంపదు బాబూ దీన్ని. సచ్చిందని సూపిస్తాది, అంతే. ఎండ సంపుతాది. గోతులు సంపుతాయి. ఆడకుండా ఒగ్గీస్తే మనమే సంపుతాం."

ఆయన చెప్పింది బ్యాటరీ కెమిస్ట్రీ పుస్తకాల్లో ఉన్నదే. లోపల సీసపు పలకలు, వాటి మధ్య నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే చేసిన బ్యాటరీ కూడా ఇదే. 160 ఏళ్లు దాటినా మన జీపుల్లో సూత్రం మారలేదు. వేడి పెరిగితే లోపలి రసాయన చర్యలన్నీ వేగం పుంజుకుంటాయి. పలకలు తుప్పు పట్టడం కూడా పుంజుకుంటుంది, నీళ్లు కూడా త్వరగా ఆరిపోతాయి. ఉష్ణోగ్రత ఎనిమిది నుంచి పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ బ్యాటరీ ఆయుష్షు సగం అవుతుందని ఒక మోటు లెక్క. మే నెలలో కోట ఎండలో, ఘాట్ ఎక్కుతున్న డీజిల్ ఇంజిన్ పక్కన, బానెట్ కింద ఎంత వేడి ఉంటుందో ఊహించుకోండి.

ఎండాకాలంలో తిన్న దెబ్బ ఎండాకాలంలో బయటపడదు. వేడికి ఇంజిన్ ఆయిల్ పల్చగా ఉంటుంది, సెల్ఫ్‌కి పెద్ద కష్టం ఉండదు. చలికాలం రాగానే ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ శక్తి తగ్గుతుంది. అప్పుడు పాత దెబ్బ బయటికొస్తుంది. నేరం మే నెలది, కేసు డిసెంబరు మీద.

ఇక గోతులు. పలకలకి అంటిపెట్టుకుని ఉండే పొడిలాంటి పదార్థం కుదుపులకి కొంచెం కొంచెంగా రాలి అడుగున పేరుకుంటుంది. ఆ మడ్డి పెరిగి పెరిగి రెండు పలకల్ని కలిపేసిందంటే ఆ గది షార్ట్. మా బావ బ్యాటరీలో ఆరో గదికి జరిగింది అదే అయి ఉంటుందని ఆయన తేల్చాడు.

కారణం కూడా చూపించాడు. జీపుని మాకు అమ్మినాయన పెద్ద ట్రేలో ఒక చిన్న కారు బ్యాటరీ పెట్టి, ఖాళీలో చెక్కముక్కలు కుక్కి, పైన సైకిల్ ట్యూబ్‌తో కట్టాడు. బిగించే క్లాంపే లేదు. ప్రతి గోతిలోనూ అది ఎగిరి పడుతూనే ఉంది.

అంకెల గోల

కొత్తది కొనాలని తేలింది. ఏది కొనాలి? ఇక్కడే అందరం పెద్ద అంకె చూసి బోల్తా పడేది.

ఏహెచ్ అంటే ఆంపియర్-అవర్. బ్యాటరీ ఎంత దాచుకోగలదో చెప్పే లెక్క. 80 ఏహెచ్ అంటే నాలుగు ఆంపియర్ల చొప్పున 20 గంటలు ఇవ్వగలదని. ఇది కుండలో నీళ్లు.

సీసీఏ అంటే చలిలో సెల్ఫ్ తిప్పే దమ్ము. మైనస్ 18 డిగ్రీల దగ్గర 30 సెకన్ల పాటు ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో కొలుస్తారు. లంబసింగిలో కూడా మైనస్ 18 రాదు కదా, మనకెందుకు అంటారేమో. రెండు బ్యాటరీల దమ్ము పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది. ఇది కుండ మూతి వెడల్పు. డీజిల్ ఇంజిన్‌లో గాలిని పెట్రోల్ ఇంజిన్ కంటే చాలా ఎక్కువ నొక్కాలి కాబట్టి, తిప్పడానికి దమ్ము ఎక్కువ కావాలి. అదే సైజులో ఎక్కువ సీసీఏ ఉన్నది దొరికితే డీజిల్ జీపుకి మంచిదే.

మూడోది కోడ్. పాత బ్యాటరీ మీద 95డి31ఆర్ లాంటిది ఉంటుంది. ఇది జపాన్ పద్ధతి. ముందున్న 95ని చాలామంది ఏహెచ్ అనుకుంటారు. కాదు, అది పనితీరుకి ఇచ్చిన ర్యాంకు. అసలు ఏహెచ్ అంతకన్నా తక్కువే ఉంటుంది. 'డి' అనేది వెడల్పు, ఎత్తుల సైజు. 31 అంటే పొడవు, సుమారు సెంటీమీటర్లలో. చివరి అక్షరం టెర్మినల్స్ ఏ వైపున్నాయో చెబుతుంది. ఇది తప్పితే ప్లస్ వైరు అందదు. లాగి పెడితే ఏ కుదుపుకో బాడీకి తగిలి నిప్పు రవ్వలే. పాతదాన్ని పక్కన పెట్టి చూసుకోవడమే మేలు. ప్లస్ టెర్మినల్ మైనస్ కంటే కాస్త లావుగా ఉంటుంది, అది గుర్తు.

అయితే మాలాగ పాత బ్యాటరీయే తప్పుది అయితే? అప్పుడు దాన్ని చూసి కొనకూడదు. బండి మాన్యువల్ చూడాలి, ట్రే కొలవాలి. బావ దగ్గర మాన్యువల్ లేదు. నేను ఫోన్లో పీడీఎఫ్ వెతికాను, ఆయన టేపు పెట్టి ట్రే కొలిచాడు. రెండూ కలిశాయి.

మరి మొదటి షాపులో వంద ఏహెచ్? ట్రేలో పట్టదు. పట్టించడానికి ట్రే కోయాలి. పైగా కుండ పెద్దదైనంత మాత్రాన కొళాయి ధార పెరగదు కదా. కిలోమీటరుకోసారి ఆగుతూ తిరిగే బండిలో డైనమో ఆ పెద్ద బ్యాటరీని ఎప్పటికీ పూర్తిగా నింపలేకపోవచ్చు. సగం కడుపుతో తిరిగే బ్యాటరీ పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, పెద్దదైనా ముందే పోతుంది.

ఏ రకం?

మార్కెట్లో ఉన్నవి చూస్తే మొత్తం ఐదు.

మూతలు విప్పి డిస్టిల్డ్ వాటర్ పోసుకునే పాత రకం. చవక, ప్రతి మెకానిక్‌కీ తెలుసు, హైడ్రోమీటర్‌తో చూసుకోవచ్చు. నెలకోసారి నీళ్లు చూడాలి, ఎండాకాలంలో ఇంకా తరచుగా.

సీల్ చేసిన మెయింటెనెన్స్ ఫ్రీ రకం. నీళ్ల గొడవ లేదు. కానీ వేడికి లోపల ఆరిపోతే పోయడానికీ దారి ఉండదు.

ఈఎఫ్‌బీ. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగి మళ్లీ స్టార్టయ్యే బళ్ల కోసం చేసింది. మీ కొత్త బండిలో కంపెనీవాళ్లు ఇది పెట్టి ఉంటే, చవక అని మామూలుది వేయించకండి. రోజుకి పదుల సార్లు సెల్ఫ్ కొట్టడానికి మామూలుది తట్టుకోదు.

ఏజీఎం. యాసిడ్ గాజు నార చాపల్లో ఇంకిపోయి ఉంటుంది. ఒలకదు, కుదుపుల్ని బాగా ఓర్చుకుంటుంది. ముందు విన్చ్ పెట్టుకుని బురదలో దిగే వీకెండ్ థార్ వాళ్లకి ఇదే సరైనది. విన్చ్ గట్టిగా లాగేటప్పుడు 400 ఆంపియర్ల దాకా తాగేస్తుంది మరి. కానీ మామూలుదానికి ఒకటిన్నర, రెండు రెట్ల ధర. ఇంజిన్ పక్కన బాగా వేడి తగిలే చోట దీనికీ ఇబ్బందే.

చివరిది లిథియం. తేలిక. కానీ ఖరీదు చాలా ఎక్కువ, ఇంజిన్ వేడికి దూరంగా పెట్టాలి, చార్జింగ్ పద్ధతీ వేరు. క్యాంపింగ్‌కి రెండో బ్యాటరీగా సీటు వెనక పెట్టుకుంటే పనికొస్తుంది. పాత జీపు బానెట్ కింద పెట్టే వస్తువు కాదు.

ఇన్ని తెలిశాక బావ తీసుకున్న నిర్ణయం చాలా సాదా. మూతలున్న పాత రకం, ట్రేకి సరిగ్గా సరిపోయే సైజు, ఆ సైజులో ఎక్కువ సీసీఏ ఉన్నది. "నీళ్లు పోసుకోడానికి నాకేటి బద్దకం? ఏదైనా తేడా వస్తే ఈ బాబాయి మూత ఇప్పి సూడగల్డు. అది సాలు" అన్నాడు. ఎంత గొప్ప బ్యాటరీ అయినా, దాన్ని చూడగలిగినవాడు మనకి అందుబాటులో లేకపోతే లాభం లేదు. ఈ కొండల్లో అది ఇంకా నిజం.

పుట్టినరోజు చూడండి

షాపులో మీరు తప్పక చూడాల్సింది తయారైన తేదీ. బ్యాటరీ పాల ప్యాకెట్ లాంటిదే. వాడకపోయినా, బీరువాలో ఉన్నా, నెలనెలా కొంత చార్జ్ దానంతటదే కారిపోతుంది. ఎండకి ఇంకా వేగంగా. మూడు నెలల లోపుది అయితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ఆరు నెలలు దాటి, మధ్యలో చార్జ్ కూడా పెట్టకపోతే వద్దనే చెప్పండి. మూడో షాపులో మాకు డిస్కౌంట్ అని చూపించినది తొమ్మిది నెలల క్రితందని కోడ్‌లో బయటపడింది. అడిగితే "సీల్డ్ కదండీ, ఏం కాదు" అన్నాడు. దండం పెట్టి వచ్చేశాం.

నాలుగో షాపులో నెలన్నర క్రితం తయారైనది దొరికింది. మీటర్ పెడితే 12.6. వారంటీ కార్డు మీద రెండు అంకెలు ఉంటాయి, వాటి మధ్య ప్లస్ గుర్తు. మొదటి అంకె ఉన్న నెలల్లో పోతే ఉచితంగా కొత్తది. రెండో అంకె నెలల్లో పోతే, వాడిన కాలాన్ని బట్టి ధరలో కొంత తగ్గింపు మాత్రమే. '48 నెలల వారంటీ' అని పెద్ద అక్షరాల్లో ఉన్నా, ఉచితం ఎన్ని నెలలో అడగండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. కార్డుని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, కాగితం జీపులో ఉంటే నూనె మరకలకే సరి.

ఏ కంపెనీ అని అడిగేవాళ్లుంటారు. మంచి కంపెనీలు చాలానే ఉన్నాయి. మన రాష్ట్రానికి ఇందులో ఒక సొంత కథ కూడా ఉంది. 1985లో గల్లా రామచంద్ర నాయుడు మొదలుపెట్టిన అమరరాజా, తిరుపతి దగ్గర కరకంబాడిలో ఫ్యాక్టరీ కట్టి, 2000లో అమరాన్ పేరుతో బళ్ల బ్యాటరీలు తెచ్చింది. దేశమంతా జీపుల్లో, కార్లలో కనిపించే ఆ పేరు వెనక మన సీమ ఊరు ఉందని చాలామందికి తెలియదు. కానీ కొనేటప్పుడు కంపెనీ పేరు కన్నా సైజు, తేదీ, సర్వీసు చేసే మనిషి... ఈ మూడూ ముందు చూడండి.

పాత బ్యాటరీని షాపులోనే ఇచ్చేశాం. బిల్లులో కొంత తగ్గింది. ఇంటికి తెచ్చి మూల పెట్టొద్దు, పాత సామాన్లవాడికి అసలే వేయొద్దు. లోపల కిలోల కొద్దీ సీసం ఉంటుంది. పెరట్లో పగలగొట్టి కరిగిస్తే ఆ పొగ, ఆ మట్టి పిల్లల మెదళ్లని దెబ్బతీస్తాయి. 2022 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే.

బిగించడంలోనే ఆయుష్షు

కొత్త బ్యాటరీతో మళ్లీ షెడ్డుకి వెళ్లాం. ఆయన ముందు బ్యాటరీ ముట్టుకోలేదు. ట్రేలో తుప్పు గీకి, కడిగి, ఆరబెట్టి, రంగు కొట్టాడు. అడుగున రబ్బరు షీటు పరిచాడు. పక్కనే వెల్డింగ్ షాపులో ఇనప పట్టీతో క్లాంప్ చేయించాడు. దాదాపు 20 కిలోల బరువు అది. గోతిలో పడ్డప్పుడు ఆ బరువు రెండు మూడు రెట్లయి కొడుతుంది. చేత్తో ఊపితే బ్యాటరీ కదలకూడదు, జీపు కదలాలి. అదే ఆయన కొలత.

విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. పానా జారి బాడీకి తగిలినా ప్రమాదం ఉండదు. టెర్మినల్స్‌కి పైన పల్చగా వాజలిన్. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వద్దు. చార్జ్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే. మినరల్ వాటర్ సీసా, బోరు నీళ్లు, యాసిడ్... ఏవీ వద్దు.

ఘాట్ మీద పరీక్ష

మర్నాడు ఆదివారం పొద్దున్నే పైకి బయల్దేరాం. ఎడమ పక్క, కుడి పక్క ఎక్కడో ఒక చోట కొత్తవలస–కిరండూల్ రైలు పట్టాలు కనిపిస్తూ మాయమవుతూ ఉన్నాయి. బైలడిలా ఇనప ఖనిజం కోసం 1960ల్లో సొరంగాలు తొలిచి వేసిన లైను ఇది. రైలుకి సొరంగం, మాకు మలుపులు.

డముకు దగ్గర ఆగాం. అనంతగిరిలో ఆగాం. కటికి దారిలో రాళ్ల మధ్య రెండు సార్లు ఇంజిన్ ఆపి మళ్లీ కొట్టాం. ప్రతిసారీ ఒక్క తిప్పుకే అందుకుంది. క్లాంప్ చూస్తే వెంట్రుకవాసి కూడా జరగలేదు.

అక్కడ ఒక డ్రైవరన్న జీపుని వాలు మీదే ఆపి, టైరు కింద రాయి పెట్టాడు. బ్యాటరీ మొరాయిస్తే దొర్లించి స్టార్ట్ చేయడానికి. పాత డీజిల్ బళ్లకి ఆ ఉపాయం పనిచేస్తుంది. కంప్యూటర్‌తో నడిచే కొత్త డీజిల్ బళ్లకి బ్యాటరీ పూర్తిగా చస్తే దొర్లించినా లాభం లేదు. ఆ కంప్యూటర్ మేలుకోవడానికే కరెంటు కావాలి. కొత్త బండి ఉన్నవాళ్లు జంపర్ కేబుల్స్ పెట్టుకోండి. ప్లస్‌కి ప్లస్ కలిపి, మైనస్ చివరను చచ్చిన బ్యాటరీకి కాకుండా ఆ బండి ఇంజిన్ ఇనుముకి తగిలించాలి.

తిరుగు దారిలో గోస్తనీ నది మీది తాటిపూడి రిజర్వాయర్ దగ్గర సాయంత్రం దాకా కూర్చున్నాం. మా పక్కనే విశాఖ కుర్రాళ్లు జీపు డోర్లు తీసి పాటలు పెట్టి, లైట్లు వేసి ఉన్నారు. ఇంజిన్ ఆపేసి ఉంది. చిన్న లెక్క చెప్పనా? పాటలకి ఐదు ఆంపియర్లు, లైట్లకి మూడు అనుకుంటే గంటకి ఎనిమిది. ఐదు గంటలకి 40. అంటే 80 ఏహెచ్ బ్యాటరీలో సగం ఖాళీ. సెల్ఫ్ కోసం చేసిన బ్యాటరీని ఇలా సగం దాకా తోడేస్తూ పోతే కొన్నాళ్లకే పలకలు చెడిపోతాయి. రాత్రి క్యాంపులు అలవాటుంటే పాటలకి, లైట్లకి వేరే బ్యాటరీ పెట్టుకోవడం నయం.

చీకటి పడే వేళకి కోటకి దిగాం. బావ నన్ను విశాఖ బస్సెక్కించి వెళ్లిపోయాడు. మంగళవారం రాత్రి ఫోన్ చేశాడు. అంతకుముందు రాత్రి రెండున్నరకి కొండ కింద ఊరి నుంచి పిలుపొచ్చిందట. ఒక ముసలమ్మకి ఆయాసం. మంచం మీద మోసుకొచ్చి రోడ్డు పక్కన కూర్చోబెట్టారట.

"టైముకే తెచ్చీసినాం. ఇప్పుడు బాగానే ఉందంట" అన్నాడు.

"బ్యాటరీ?" అడిగాను.

"దాని సంగతే గుర్తు రానేదు" అన్నాడు బావ.